ఎండు పైన్ చెక్క మీది పెచ్చు శిలీంధ్రం: విశాఖలో వెతికి, పోల్చుకుని, భద్రపరిచే పద్ధతి

నాలుగు వానలు పడ్డాక పెరటి మూలనున్న పాత దుంగను తిరగేసి చూడండి. నేలకు ఆనుకున్న వైపు సున్నం కొట్టినట్టు తెల్లగానో, మీగడ రంగులోనో, లేత నారింజలోనో పలచటి పూత కనిపిస్తుంది. గోరుతో గీకితే మైనంలా లేస్తుంది. బూజు పట్టిందనుకుని దుంగను మళ్ళీ పడేస్తాం. నిజానికి అది గొడుగూ కాడా లేకుండా చెక్కను కరుచుకుని పరుచుకున్న పుట్టగొడుగు. మామూలు పుట్టగొడుగుకు గొడుగు కింది మడతల్లో తయారయ్యే సిద్ధబీజాలు దీనికి ఆ పూత పైభాగమంతటా తయారవుతాయి. శాస్త్రజ్ఞులు వీటిని కార్టీషియాయిడ్ శిలీంధ్రాలంటారు. గోడ పెచ్చులా ఉంటుంది కాబట్టి నేను పెచ్చు శిలీంధ్రం అంటాను.

వీటిలో కొన్ని చచ్చిన కోనిఫర్ చెక్క మీదే బతుకుతాయి. కోనిఫర్లంటే స్కూల్లో శృంగాకార వృక్షాలని చదువుకున్నామే, పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు, అవి. నన్ను ఈ దారి పట్టించింది ఫ్లెబియా సెంట్రిఫ్యూగా అనే అరుదైన జాతి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో పాత స్ప్రూస్ అడవుల్లో కూలిన పెద్ద మానుల మీద పెరుగుతుంది. ఒంటి మీద తామర మచ్చ ఎలా పాకుతుందో అచ్చం అలాగే నడుమ చచ్చిపోతూ, అంచుల్లో బతుకుతూ గుండ్రంగా పాకుతుంది. నడిమి నుంచి బయటికి పరుగెత్తేది అని ఆ పేరుకు అర్థం. పడిన మానులను ఎత్తుకుపోయే అడవిలో దానికి తిండి ఉండదు. అందుకే అది కనిపించిన చోటును అక్కడివాళ్ళు గొడ్డలి పెద్దగా పడని పాత అడవిగా లెక్కగడతారు.

విశాఖ వేడికి స్ప్రూస్ బతకదు, ఆ జాతి మనకు దొరకదు. కానీ చచ్చిన కోనిఫర్ చెక్క మన ఊళ్ళో కావలసినంత ఉంది. దాన్ని తిరగేసి చూడాలనుకునేవారి కోసమే ఇది రాస్తున్నాను.

1. ముందు చెక్క ఏదో తేల్చుకోండి

ఈ పనిలో సగం ఇదే. పెచ్చు శిలీంధ్రం పేరు కనుక్కోవడానికి వాడే పట్టికల్లో తరచూ ఈ ప్రశ్న ఎదురవుతుంది: కోనిఫర్ మీదా, వెడల్పాకు చెట్టు మీదా? అక్కడ తప్పు చెబితే ఆ తర్వాత ఎంత శ్రద్ధగా చూసినా తప్పు దారిలోనే నడుస్తారు.

నేను మొదటి ఏడాది ఆ తప్పే చేశాను. భీమిలి దారిలో ఇసుక మీద పడున్న దుంగ, సూదుల్లాంటి ఆకులు, చిన్న శంకుల్లాంటి కాయలు. కోనిఫర్ అని రాసేసుకున్నాను. ఏడు నెలలు కోనిఫర్ జాబితాలన్నీ గాలించాను. తీరా అది సరుగుడు. సరుగుడు కోనిఫర్ కాదు, పూలు పూసే చెట్టు. ఆకుల్లా కనిపించేవి ఆకులు కావు, పచ్చటి సన్నటి రెమ్మలు. ఒకటి తెంపి రెండు చేతులతో మెల్లగా లాగండి. కణుపు దగ్గర టప్పున ఊడుతుంది. ఊడిన చోట లెన్సు పెడితే కిరీటంలా చుట్టూ చిన్న చిన్న పళ్ళు కనిపిస్తాయి. అవే దాని అసలు ఆకులు. తీరం వెంట పెరిగిన పిల్లలకు ఇది బాగా తెలుసు, ఊడదీసి మళ్ళీ అతికించి "ఎక్కడ విరిచానో చెప్పు" అని ఆడుకుంటారు. పైన్ సూదికి ఇలా కణుపులుండవు, రెండో మూడో సూదులు ఒకే తొడిమలోంచి గుత్తిగా వస్తాయి. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ కూడా కోనిఫర్ కాదు.

ఆకులు రాలిపోయి ఉత్త చెక్కే మిగిలితే? కొత్త బ్లేడు తీసుకుని చెక్క అడ్డకోత మీద గోరంత మేర నున్నగా చెక్కండి. ఒక్క చుక్క నీళ్ళు అద్ది పదింతల లెన్సుతో చూడండి. వెడల్పాకు చెట్టు చెక్కలో సూదితో పొడిచినట్టు రంధ్రాలుంటాయి, టేకులోనైతే లెన్సు లేకుండానే తెలుస్తాయి. అవి నీళ్ళు మోసే గొట్టాలు. కోనిఫర్‌లో ఆ గొట్టాలు ఉండవు. చెక్క అంతా ఒకే తీరు సన్నటి పోగులు, అల్లిక గుడ్డ నేతలా సమంగా ఉంటుంది. పైన్ అయితే ముదురు రంగు వలయాల్లో అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చుక్కలు కనిపిస్తాయి, అవి జిగురు నాళాలు. ఆ కోత దగ్గర ముక్కు పెడితే టర్పెంటైన్ వాసన వస్తుంది. బంగళాల ముంగిళ్ళలో, చర్చి ఆవరణల్లో క్రిస్మస్ చెట్టని పిలిచే అరకేరియా కూడా కోనిఫరే. దాని చెక్కలో రంధ్రాలూ ఉండవు, జిగురు చుక్కలూ ఉండవు.

బాగా కుళ్ళిన చెక్క బ్లేడు కింద పొడైపోతుంది. అప్పుడు అదే దుంగలో కాస్త గట్టిగా ఉన్న భాగం వెతికి కోయాలి. తేలకపోతే "చెక్క తెలియదు" అనే రాయండి. ఊహించి రాసిన పేరు ఖాళీ గడి కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

2. ఎక్కడ వెతకాలి

సులువైన చోటు పాత ప్యాలెట్లు, అంటే సరుకు కింద పెట్టే చెక్క చట్రాలు, అమ్మే షెడ్లు. ఓడరేవు ఉన్న ఊరు కాబట్టి యంత్రాల కింద, సరుకుల కింద వచ్చిన పైన్ ప్యాలెట్లు గాజువాక, ఆటోనగర్ వైపు గుట్టలు పడి ఉంటాయి. వానకు తడిసి, అడుగు వరస నేలలో దిగబడి ఉన్నవి చూడండి. అయితే అన్నీ పైన్ కావు, మామిడి, రబ్బరు చెక్కతో చేసినవీ వాటిలో కలిసి ఉంటాయి. కాబట్టి ప్రతిసారీ బ్లేడు పరీక్ష చేయాల్సిందే.

ప్యాలెట్ పక్కన కాల్చి వేసిన ముద్ర ఉంటే తప్పకుండా ఫోటో తీసుకోండి. గోధుమ కంకి బొమ్మ, రెండక్షరాల దేశం గుర్తు, ఆపైన హెచ్‌టీ అనో ఎంబీ అనో ఉంటుంది. ఇది అంతర్జాతీయ చెక్క ప్యాకింగ్ నియమం ఐఎస్‌పీఎం 15 ముద్ర. హెచ్‌టీ అంటే చెక్క నడిబొడ్డు వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు తగిలిందని. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని. ఈ రెండక్షరాలు మనకెందుకంటే, వేడి తగిలిన చెక్కలో చాలా జీవాలు చస్తాయి కాబట్టి దాని మీద ఇప్పుడు పెరుగుతున్నది ఇక్కడి గాలిలోంచి వచ్చి పడిందయ్యే అవకాశం ఎక్కువ. అన్ని శిలీంధ్రాలూ 56 డిగ్రీలకు చావవు కాబట్టి ఖాయంగా చెప్పలేం, కానీ ఆ ఆధారం నోట్సులో ఉండాలి.

షెడ్డు వాళ్ళతో పరిచయం పెంచుకోండి. నేను వెళ్ళే చోట పెద్దాయన మొదట్లో "ఏటి బాబూ, కుళ్ళిపోయిన చెక్క ఏరుకుంటన్నావు, మంచిది ఇస్తాను రా" అనేవారు. ఒకరోజు లెన్సు ఆయన చేతికిచ్చి పూత అంచు చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఆ తర్వాత నుంచి తెల్ల మచ్చ ఉన్న పలకలు వానకు తడిసే చోటే పక్కన పెట్టించి ఫోన్ చేస్తున్నారు, అవి ఏ సరుకుతో వచ్చాయో కూడా గుర్తుపెట్టుకుని చెబుతున్నారు.

రెండో చోటు ఊళ్ళోని అరకేరియా చెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఊరంతా చెట్లు కూలాయి. పాత ఆవరణల గోడల పక్కన ఇంకా ఏవైనా మొద్దులు మిగిలున్నాయేమో ఇంటివాళ్ళను అడిగి చూడండి. మూడోది అరకు వైపు కొండల్లో నాటిన పైన్ తోటలు. ఆ ప్రాంతం 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడ ఏది తీయాలన్నా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యమైతే ఎండు పుల్ల కూడా అనుమతి లేకుండా తేకూడదు. ఫోటోలతో తిరిగి రండి.

3. ఎప్పుడు, ఎలా

జూన్‌లో వానలు మొదలయ్యాక చెక్క నానడానికి సమయం పడుతుంది. సెప్టెంబరు చివర నుంచి డిసెంబరు దాకా, వాన వెలిసిన రెండు మూడు రోజులకు వెళితే పూతలు తాజాగా ఉంటాయి. ఎండల్లోనూ కొన్ని దొరుకుతాయి గానీ పాతబడి, సిద్ధబీజాలు లేకుండా ఉంటాయి.

దుంగ పైన వెతకకండి. నేలకు ఆనీ ఆనకుండా ఉండే అడుగు భాగం, బెరడు ఊడి వదులైన సందు, రెండు పలకలు ఒకదానిమీద ఒకటి ఆనిన చోటు, అక్కడ చూడండి. దుంగను మీ వైపు దొర్లించండి, అప్పుడు తెరుచుకునే సందు అవతలి వైపు ఉంటుంది. కింద రక్తపింజరో తేలో ఉంటే మీకూ దానికీ మధ్య దుంగ అడ్డం ఉంటుంది. బూట్లు, చేతి తొడుగులు లేకుండా వెళ్ళవద్దు. చూశాక దుంగను ఎలా ఉందో అలాగే పెట్టేయండి. తేమ పోతే ఆ పూత ఎండిపోతుంది.

పూతలా కనిపించేవన్నీ ఇవి కావు. చెదలు కట్టిన మట్టి పొర చేత్తో నలిపితే ఇసకలా రాలుతుంది. రాతిపువ్వు జాతి లైకెన్ అయితే గోటితో గీకగానే లోపల పచ్చటి నాచు గీత కనిపిస్తుంది. పెచ్చు శిలీంధ్రంలో ఆ పచ్చదనం ఉండదు.

4. కోయకముందు చూడవలసినవి

ఇక్కడ తొందరపడితే మళ్ళీ దొరకని సంగతులు పోతాయి. పచ్చిగా ఉన్నప్పటి రంగు, తడి, వాసన ఎండాక ఉండవు. ముందు నాలుగు ఫోటోలు: దుంగ మొత్తం, పూత మొత్తం, స్కేలు పక్కన పెట్టి దగ్గరగా, చివరిగా అంచు. పగటి నీడలో తీయండి, ఫ్లాష్ వేస్తే మీగడ రంగు తెల్లగా వస్తుంది.

తర్వాత లెన్సు. ఉపరితలం నున్నగా ఉందా, గరుకు మొటిమలున్నాయా, చిన్న చిన్న పళ్ళు వేలాడుతున్నాయా, పెసరట్టు మీద లేచిన ముడతల్లా ఉందా, జల్లెడ కన్నాలున్నాయా? అంచు నిమ్మళంగా చెక్కలో కలిసిపోయిందా, దూది పోగుల్లా విచ్చుకుందా, దారాల్లాంటి తీగలు పాకాయా? ఈ అంచే ఎక్కువ కబుర్లు చెబుతుంది. పైన్ మీద పెరిగే ఫ్లెబియాప్సిస్ జైగాంటియా పచ్చిగా ఉన్నప్పుడు చెక్కకు మైనం పూసినట్టు అంటుకుని ఉంటుంది, ఎండితే అంచులు కాగితంలా ఊడి పైకి చుట్టుకుంటాయి. ఈ శిలీంధ్రాన్ని బ్రిటన్‌లో జాన్ రిష్‌బెత్ అనే శాస్త్రజ్ఞుడు 1960లలో పైన్ మోళ్ళ మీద పూసే మందుగా మార్చారు. కొట్టేసిన మోడును ఇది ముందే ఆక్రమించుకుంటే, వేళ్ళను కుళ్ళబెట్టే హెటిరోబాసిడియాన్ అనే మరో శిలీంధ్రం అందులో దూరలేదు. ఒక పెచ్చు శిలీంధ్రం తోటలను కాపాడుతోంది.

వేలితో మెల్లగా నలిపి రంగు మారుతుందేమో చూడండి. చలి దేశాల కోనిఫర్ల మీద పెరిగే స్టీరియం సాంగ్వినోలెంటమ్ గీకితే నెత్తురులా ఎర్రటి రసం ఊరుతుంది. చివరికి చెక్క కుళ్ళు. ఇటుక ముక్కల్లా చదరాలుగా పగిలి, గోధుమ రంగులో ఉండి, వేళ్ళ మధ్య పొడైతే అది గోధుమ కుళ్ళు: శిలీంధ్రం చెక్కలోని పీచు పదార్థమైన సెల్యులోజును తినేసి, ఆ పీచుకు గట్టితనమిచ్చే లిగ్నిన్‌ను వదిలేసింది. తెల్లబారి పీచులుగా విడిపోతే తెల్ల కుళ్ళు, లిగ్నిన్ కూడా కరిగిపోయింది. గోధుమ కుళ్ళు తెచ్చే జాతుల్లో ఎక్కువ వాటికి కోనిఫర్ చెక్కే ఇష్టం.

5. నమూనా తీయడం, ఎండబెట్టడం

చిన్న ఉలి, సుత్తి చాలు. పూతతో పాటు అగ్గిపెట్టె మందం చెక్క కూడా లేచేలా, రెండు మూడు సెంటీమీటర్ల ముక్క తీయండి. అంచు ఒకటి, నడిమి భాగం ఒకటి ఉండాలి. పూతలో ఎక్కువ భాగాన్ని దుంగ మీదే వదిలేయండి, రేపు అది సిద్ధబీజాలు వెదజల్లాలి.

ముక్కను న్యూస్‌పేపర్ పొట్లంలో కట్టండి. ప్లాస్టిక్ కవర్లో ఎప్పుడూ వేయకండి. నేను ఒకసారి ఐదు నమూనాలు క్యారీబ్యాగ్‌లో తెచ్చి రాత్రికి అలాగే ఉంచాను, పొద్దున్నకి అన్నిటి మీదా పచ్చ బూజు కమ్మేసింది. వాటిలో ఒకటి ఆ తర్వాత ఎన్నిసార్లు అదే చోటుకు వెళ్ళినా కనిపించలేదు. పొట్లం మీద అప్పటికప్పుడే పెన్సిల్‌తో రాయండి: నంబరు, తేదీ, చోటు, ఫోన్ చూపే అక్షాంశ రేఖాంశాలు, చెక్క, చెక్క ఏదని ఎలా తేల్చుకున్నారో, ప్యాలెట్ అయితే ముద్ర వివరం.

ఎండబెట్టేముందు సిద్ధబీజాల అచ్చు తీసుకోండి. చిన్న ముక్కను పూత కిందికి ఉండేలా గాజు స్లైడు మీద ఆనీ ఆననట్టు నిలబెట్టి, పక్కన తడి దూది ఉంచి, స్టీలు గిన్నె బోర్లించండి. తెల్లారేసరికి స్లైడు మీద పలచటి పొడి పడి ఉంటుంది. మిగిలిన ముక్కలను 40 డిగ్రీల దగ్గర ఎండబెట్టండి. అట్టపెట్టెలో పాతకాలం 40 వాట్ల బల్బు వేలాడదీసి, పైన వలమీద పెట్టినా సరిపోతుంది. సముద్రపు గాలి తేమకు ఎండినవి మళ్ళీ మెత్తబడతాయి, కాబట్టి ఎండగానే సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి.

6. మైక్రోస్కోపు కింద

కంటికి కనిపించినంత మాత్రాన వీటికి పేరు పెట్టలేం. ఒకే రకం తెల్ల పూతలు చాలా వేర్వేరు జాతులవి. నూరింతల ఆయిల్ లెన్సు ఉన్న మైక్రోస్కోపు కావాలి. ఇంట్లో లేకపోతే దగ్గర్లోని కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో అడగండి. చక్కగా ఎండబెట్టి, వివరాలు రాసిన నమూనాతో వెళ్ళినవాళ్ళను కాదనేవాళ్ళు తక్కువ.

100 మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణం ఒక సీసా చేసుకోండి. నీటిలోకే దాన్ని కొంచెం కొంచెంగా వేయాలి, వేడెక్కుతుంది. చర్మాన్నీ కళ్ళనూ కాలుస్తుంది, తొడుగులూ కళ్ళద్దాలూ తప్పవు. పూత మూలన ఒక చుక్క వేస్తే గోధుమ రంగు పూత నల్లబడిందా? హైమెనోకీటీ అనే ప్రజాతి, దాని చుట్టాలు అలా చేస్తాయి.

బ్లేడుతో పూతను నిలువునా ఎంత పలచగా వీలైతే అంత పలచగా కోసి, ఆ ద్రావణంలో వేసి, కవర్ స్లిప్ మీద పెన్సిల్ వెనక కొసతో తట్టండి. కాంగో రెడ్ రంగు వేస్తే శిలీంధ్రపు పోగుల గోడలు తేటగా కనిపిస్తాయి. నాలుగు సంగతులు వెతకాలి. పోగుల అడ్డుగోడల దగ్గర కుండ చెవిలా చిన్న వంపు ఉందా? దాన్ని క్లాంప్ అంటారు, ఉన్నదీ లేనిదీ రెండూ రాయాలి. సిద్ధబీజాలను మోసే కణాలు, బెసిడియంలు, ఎలా ఉన్నాయి? తలకిందులు చేసిన ఆవు పొదుగులా నాలుగు మొనలు పైకి లేచి ఉంటాయి, ఒక్కో మొన మీద ఒక్కో సిద్ధబీజం. మొదటిసారి అవి స్పష్టంగా కనిపించిన రోజు నేను రాత్రి రెండింటి దాకా కుర్చీలోంచి లేవలేదు. మూడోది, వాటి మధ్యలోంచి పొడుచుకొచ్చే, సిద్ధబీజాలు మోయని కణాలు, సిస్టీడియాలు: సన్నవా, గోడ మందమైనవా, మీద పటికబెల్లం పలుకుల్లా స్ఫటికాలు అంటుకుని ఉన్నాయా? ఫ్లెబియాప్సిస్‌లో స్ఫటికాలుంటాయి. నాలుగోది సిద్ధబీజాల కొలత. స్లైడు మీద రాలిన వాటినే కొలవండి, అవే పండినవి. కనీసం 30 కొలిచి పొడవు, వెడల్పు రాయండి. అంతకుముందు స్టేజ్ మైక్రోమీటర్‌తో, అంటే కచ్చితమైన కొలత గీసి ఉన్న స్లైడుతో, మీ మైక్రోస్కోపు కంటి లెన్సులోని కొలత గీతలను సరిచూసుకోండి. గుండ్రమా, కోలా, సేమ్యా ముక్కలా వంపు తిరిగిందా అన్నది కూడా రాయాలి.

అయోడిన్ కలిసిన మెల్జర్ ద్రావణంలో సిద్ధబీజాలు నీలం నల్లగా మారతాయా, ఎర్ర గోధుమగా మారతాయా, మారవా అన్నది చాలా ప్రజాతులను విడదీస్తుంది. అందులో క్లోరాల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనం ఉంటుంది, ఇంట్లో కలపవద్దు, కాలేజీ ల్యాబులోనే వాడుకోండి.

7. పేరు, ఆపైన "అరుదు" అనే మాట

ఇంతా చేసి చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగిపోతాం. ఆగిపోవడంలో తప్పు లేదు. ఇంకా తేలాలంటే డీఎన్‌ఏ చూడాలి. 2012 నుంచి శిలీంధ్రాలకు అధికారిక బార్‌కోడ్‌గా, అంటే జాతిని పోల్చుకునే గుర్తుగా, డీఎన్‌ఏలో ఐటీఎస్ అనే భాగాన్ని వాడుతున్నారు. అందుకే ప్రతి నమూనాలోంచి బియ్యపు గింజంత ముక్క విడిగా సిలికా జెల్‌లో దాచండి. ఆ డీఎన్‌ఏను కంప్యూటర్‌లో తెలిసిన జాతుల డీఎన్‌ఏతో సరిపోల్చినప్పుడు జాబితాలో మొదట వచ్చిన పేరును అలాగే రాసేసుకోకండి, మైక్రోస్కోపులో చూసినదానితో అది పొసగాలి.

అరుదు అని రాయడానికి మాత్రం చాలా ఆలోచించాలి. సర్ప్యులా లాక్రిమాన్స్ సంగతి చూడండి. యూరప్ ఇళ్ళలో దూలాలనూ పలకలనూ తినేసే శిలీంధ్రంగా దానికి శతాబ్దాల చెడ్డపేరు. అదే జాతి అడవిలో కనిపించడం చాలా అరుదు, హిమాలయాల్లో కోనిఫర్ మానుల మీద దొరికింది. ఇంట్లో చూసినవాడికి అది మామూలు, కొండలో వెతికినవాడికి అరుదు. మన దగ్గర ఒకసారి దొరికిన పూత అరుదైనదో, ఇన్నాళ్ళూ ఎవరూ దుంగ తిరగేయలేదో మీ నోట్సే చెప్పాలి. అందుకని ఖాళీ చేతులతో వచ్చిన రోజులు కూడా రాయండి: ఫలానా షెడ్డు, ఫలానా తేదీ, 60 పైన్ పలకలు చూశాను, ఏమీ లేదు. మూడేళ్ళపాటు ఇలాంటి వరసలు ఉంటేనే ఆ మాటకు బలం.

8. ఎక్కడ దాచాలి

ఎండిన నమూనాను ఫ్రీజర్‌లో వారం ఉంచితే పురుగులు చస్తాయి. తర్వాత మందపాటి కాగితం పొట్లంలో పెట్టి, లోపల వివరాల చీటీ వేయండి. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో అజ్రేకర్ శిలీంధ్ర సంగ్రహాలయం, ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఇంకొక సంగ్రహాలయం ఉన్నాయి. పంపే ముందు రాసి అడగండి. చెక్క పేరు లేకుండా నేను పంపిన రెండింటిని ఒక చోట తిప్పి పంపేశారు, వాళ్ళు చేసింది సరైన పనే. సంగ్రహాలయం ఇచ్చే నంబరును మీ నోట్సులో, ఫోటోల పేర్లలో, డీఎన్‌ఏ ముక్క డబ్బా మీద మూడు చోట్లా ఒకేలా రాసుకోండి. దుంగ మీద వదిలేసిన భాగాన్ని వచ్చే ఏడాది అదే నెలలో మళ్ళీ చూసి, అంచు ఎన్ని సెంటీమీటర్లు పాకిందో అదే పేజీలో కింద చేర్చండి.